గోడ మీదుగా పిలుపు

పాలు తోడు పెట్టబోతే ఇంట్లో పెరుగు చుక్క లేదు. ఏం చేస్తారు? పిట్టగోడ దగ్గరికి వెళ్లి ‘వదినగారూ, కాస్త తోడు పెడతారా?’ అని పక్కింటావిడను అడుగుతారు. గిన్నె అటు వెళ్తుంది, తోడు ఇటొస్తుంది. అంతేగానీ ఆ మాట కార్డు ముక్క మీద రాసి, చిరునామా, పిన్‌కోడూ వేసి పోస్టు డబ్బాలో పడెయ్యరు కదా! పడేస్తే అది పోస్టాఫీసుకు చేరి, ముద్రలు వేయించుకుని, పోస్ట్‌మన్ సంచిలోకెక్కి, రేపో ఎల్లుండో పక్కింటి గుమ్మంలో పడుతుంది. ఈలోగా పాలు విరిగి కూర్చుంటాయి.

అదే కబురు వేరే ఊళ్లో ఉన్న అక్కయ్యకు చేరాలంటే? గోడెక్కి ఎంత అరిచినా లాభం లేదు. అక్కడ పోస్టే గతి.

కంప్యూటర్ల లోకంలోనూ ఈ రెండు పద్ధతులూ ఉన్నాయి. ఇంటర్నెట్‌లో మనం చూసేది, పంపేది దాదాపు అంతా పోస్టాఫీసు పద్ధతిలోనే నడుస్తుంది. దాని పేరు టీసీపీ/ఐపీ. రెండోది గోడ మీదుగా పిలుపు. ఇంజినీర్లు దీన్ని ‘రా ఈథర్‌నెట్’ అంటారు. ‘రా’ అంటే ఇక్కడ రమ్మనడం కాదండోయ్... పచ్చిది, వండనిది అని! కంప్యూటర్ ముందు కూర్చునే మనకు ఈ పచ్చి పద్ధతి ఎక్కడా కనిపించదు. కానీ కరెంటు సబ్‌స్టేషన్‌లో, ఫ్యాక్టరీలో రోబో చేతి వెనక, ఇంట్లో ఓ మూల మిణుకుమిణుకుమనే ఇంటర్నెట్ డబ్బాలో అది రేయింబవళ్లు పనిచేస్తూనే ఉంటుంది. పోస్టాఫీసు అంత చక్కగా నడుస్తుంటే ఈ అరుపులెందుకు? అరుపుల వల్ల వచ్చే చిక్కులేమిటి? ఈ వారం ఆ సంగతి చూద్దాం.

తెర లేని కంప్యూటర్లు

కంప్యూటర్ అనగానే మనకు తెర, కీబోర్డు గుర్తుకొస్తాయి. నిజానికి లోకంలో ఉన్న కంప్యూటర్లలో ఎక్కువ భాగానికి ఆ రెండూ ఉండవు. వాషింగ్ మెషీన్‌లో, లిఫ్టులో, కారు ఇంజిన్‌లో, ఆస్పత్రి పరికరాల్లో ఒదిగి కూర్చుని ఒకే ఒక్క పని చేసుకుపోతుంటాయి. వీటినే ఎంబెడెడ్ పరికరాలంటారు. వీటికీ ఆపరేటింగ్ సిస్టమ్‌లున్నాయి. వీఎక్స్‌వర్క్స్, క్యూనెక్స్, ఫ్రీఆర్‌టాస్, జెఫిర్ వంటివి, వీటితోపాటు ఒళ్లు తగ్గించుకున్న లైనక్స్. పేర్లు కొత్తగా అనిపించినా ఘనతలో తక్కువవేం కావు. 1997లో అంగారకుడి మీద దిగిన పాత్‌ఫైండర్‌ను, 2004లో దిగిన స్పిరిట్, ఆపర్చునిటీ రోవర్లను నడిపింది వీఎక్స్‌వర్క్సే.

వీటిలో చాలావాటికి ఓ కఠినమైన నియమం ఉంటుంది. జవాబు సరిగ్గా ఉంటే చాలదు, వేళకు రావాలి. గంట కొట్టాక రాసిన జవాబుకు పరీక్ష హాల్లో మార్కులు పడవు కదా, అలాగన్నమాట. మన ఫోన్లో ఓ వెబ్ పేజీ అరసెకను ఆలస్యంగా తెరుచుకుంటే మనం గమనించం. రోబో చెయ్యి అరసెకను ఆలస్యంగా ఆగితే మాత్రం ఎవరి చెయ్యో నలుగుతుంది. పచ్చి ఈథర్‌నెట్ కథంతా ఈ ‘వేళ’ చుట్టూనే తిరుగుతుంది.

పద్నాలుగు బైట్ల కవరు

ముందుగా ఈథర్‌నెట్ సంగతి. 1973 మే 22న కాలిఫోర్నియాలోని జిరాక్స్ పరిశోధనశాలలో బాబ్ మెట్‌కాఫ్ అనే యువ ఇంజినీరు ఓ మెమో రాశాడు. ఆఫీసులోని కంప్యూటర్లన్నిటినీ ఒకే తీగకు కలిపి ఎలా మాట్లాడించవచ్చో అందులో వివరించాడు. వెలుగు ‘ఈథర్’ అనే అదృశ్య పదార్థం గుండా ప్రయాణిస్తుందని ఒకప్పటి శాస్త్రవేత్తలు నమ్మేవారు. అన్ని యంత్రాల మాటలనూ మోసే తీగ కాబట్టి ఆ పేరే దీనికీ పెట్టారు. డేవిడ్ బాగ్స్‌తో కలిసి ఆయన దాన్ని నిజం చేశాడు. వేగం సెకనుకు 29.4 లక్షల బిట్లు. ఈ పనికే మెట్‌కాఫ్‌కు 2022 సంవత్సరపు ట్యూరింగ్ అవార్డు దక్కింది.

ఆ తీగ మీద ప్రయాణించే మూటను ఫ్రేము అంటారు. దాని అమరిక చూస్తే ముచ్చటేస్తుంది. మొదటి 6 బైట్లు ఎవరికి చేరాలో చెబుతాయి. తర్వాతి 6 బైట్లు ఎవరు పంపారో చెబుతాయి. ఆ తర్వాత 2 బైట్లలో లోపల ఉన్న సరుకు రకం. మొత్తం 14 బైట్ల కవరు. దాని వెనక 46 నుంచి 1500 బైట్ల వరకు సరుకు. చిట్టచివర 4 బైట్ల తనిఖీ మొత్తం. దారిలో ఒక్క బిట్టు చెదిరినా ఈ లెక్క తప్పుతుంది, అందుకున్న కార్డు ఆ ఫ్రేమును చప్పుడు చేయకుండా పారేస్తుంది. ‘నీ ఉత్తరం పాడైంది, మళ్లీ పంపు’ అని చెప్పదు. ఈ మాట గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఎవరికి అన్నది అన్నిటికంటే ముందే ఎందుకుంది? మొదటి 6 బైట్లు చదవగానే ఇది నాకా, పక్కవాడికా అని తేల్చుకోవచ్చు. మనదికాని ఉత్తరం మొత్తం చదవక్కర్లేదు. ఈ చిరునామా కార్డు తయారైనప్పుడే దాంట్లో పడుతుంది. 48 బిట్లు కాబట్టి దాదాపు 281 లక్షల కోట్ల చిరునామాలకు చోటుంది.

ఇక ఆ రెండు బైట్ల ‘రకం’ ఉందే, అసలు కిటుకంతా అక్కడే. అందులో 0800 అని ఉంటే లోపల ఉన్నది మామూలు ఇంటర్నెట్ సరుకు. 0806 ఉంటే ‘ఈ ఐపీ చిరునామా ఎవరిదర్రా?’ అని అడిగే కేక. ఇంటర్నెట్ సరుకుకు కేటాయించని మరో రకం సంఖ్య వేస్తే పోస్టాఫీసుకు సంబంధం లేని సొంత భాష. ఆ సంఖ్యను గుర్తుపట్టే ప్రోగ్రాము అవతల ఉంటే చాలు, సంభాషణ మొదలైనట్టే.

గుమాస్తాల వరస

మామూలుగా ఓ ప్రోగ్రాము తన మాటను ఆపరేటింగ్ సిస్టమ్ చేతిలో పెట్టి చేతులు దులుపుకుంటుంది. అక్కడ వరసగా గుమాస్తాలు కూర్చుని ఉంటారు. టీసీపీ గుమాస్తా మాటను ముక్కలు చేసి, వరస సంఖ్యలు వేసి, అవతలివాళ్ల రసీదు కోసం కాచుకుంటాడు. ఐపీ గుమాస్తా ఊరూ వీధీ రాస్తాడు. మరొకాయన ఆ ఐపీ చిరునామా ఏ కార్డుదో వాకబు చేస్తాడు. చివరి గుమాస్తా 14 బైట్ల కవరు తొడిగి తీగ మీదికి పంపుతాడు. అవతలి వైపు ఇదే వరస తలకిందులుగా జరుగుతుంది.

పచ్చి పద్ధతిలో ఈ వరసను దాటేసి ప్రోగ్రామే నేరుగా చివరి కిటికీ దగ్గరికి వెళ్తుంది. 14 బైట్లూ తనే రాసుకుంటుంది. తనిఖీ మొత్తాన్ని సాధారణంగా కార్డే లెక్కగట్టి చేరుస్తుంది.

ఈ కిటికీ ఒక్కో ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఒక్కో చోట ఉంటుంది. లైనక్స్‌లో ‘ప్యాకెట్ సాకెట్’ అనే ప్రత్యేక ద్వారం ఉంది. వీఎక్స్‌వర్క్స్‌లో డ్రైవర్లకూ గుమాస్తాలకూ మధ్య ‘మక్స్’ అనే పొర ఉంటుంది. మన ప్రోగ్రామును అక్కడ ఓ కొత్త గుమాస్తాగా చేర్చుకోవచ్చు. అందులో ‘స్నార్ఫ్’ అనే హోదా తీసుకుంటే వచ్చే ప్రతి ఫ్రేమునూ అందరికంటే ముందు మనమే చూడొచ్చు. ఫ్రీఆర్‌టాస్ వంటి బుల్లి సిస్టమ్‌లలో చాలాసార్లు డ్రైవరుకూ మన ప్రోగ్రాముకూ మధ్య అసలు ఎవరూ ఉండరు.

వచ్చే ఫ్రేములన్నీ పైకి పంపితే బుల్లి ప్రాసెసర్ ఉక్కిరిబిక్కిరవుతుంది. దీనికి విరుగుడుగా అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలకు చెందిన స్టీవెన్ మెక్‌కాన్, వాన్ జాకబ్‌సన్ 1993లో ఓ జల్లెడను ప్రకటించారు. దాని పేరు బీపీఎఫ్. ‘ఫలానా రకం ఫ్రేములే నాకు కావాలి’ అని ముందే చెబితే మిగతావాటిని గుమ్మం దగ్గరే వడగట్టేస్తుంది. దాని వారసులు ఇప్పటికీ పనిలో ఉన్నాయి.

గుమాస్తాలను తప్పించడం వల్ల చోటు కూడా మిగులుతుంది. చిన్న పరికరాల కోసమే స్వీడన్‌కు చెందిన ఆడమ్ డంకెల్స్ ‘ఎల్‌డబ్ల్యూఐపీ’ అనే పొదుపైన టీసీపీ/ఐపీని రాశాడు. ఎంత పొదుపుగా రాసినా దానికి 40 కిలోబైట్ల వరకు కోడ్, పదుల కిలోబైట్ల ర్యామ్ కావాలి. కిళ్లీ కొట్టంత చోటున్న చిప్‌కు అదీ బరువే.

పేరు పెట్టకముందే ఏడుపు

కొన్నిచోట్ల పచ్చి పద్ధతి తప్ప మరో దారే లేదు. మీ ఇంట్లోని ఇంటర్నెట్ డబ్బానే తీసుకోండి. స్విచ్ వేయగానే దానికి అవతలి కంపెనీ నుంచి ఓ ఐపీ చిరునామా రావాలి. కావాలని అడగాలంటే ఉత్తరం రాయాలి. ఉత్తరం రాయాలంటే ‘పంపినవారి చిరునామా’ ఉండాలి. అది లేకే కదా అడుగుతున్నది! పిచ్చి కుదిరితేగానీ పెళ్లి కాదు, పెళ్లయితేగానీ పిచ్చి కుదరదు అన్నట్టుంది వ్యవహారం.

పురిటి బిడ్డ ఏం చేస్తుంది? బారసాల అయ్యి పేరు పెట్టేదాకా ఆగదు. ఆకలైతే ఏడుస్తుంది. చిరునామా అడిగే చిన్న ప్రోగ్రాములూ ఇంతే. పంపినవారి ఐపీ చోట అన్నీ సున్నాలు పెట్టి, పచ్చి ఫ్రేములో చుట్టి, తీగ మీద ఉన్న అందరికీ వినబడేలా ఓ కేక వేస్తాయి. చిన్న పరికరాల్లోని లైనక్స్‌లో ఎక్కువగా వాడే ‘బిజీబాక్స్’లోని చిరునామా ప్రోగ్రాము చేసే పని ఇదే.

ఇంకో తమాషా ఉంది. ఆపి ఉంచిన ఆఫీసు కంప్యూటర్‌ను దూరం నుంచే లేపొచ్చు. దానికి ‘మాయా ప్యాకెట్’ అని పేరు. 1990ల మధ్యలో ఏఎండీ సంస్థ దీన్ని రూపొందించింది. అన్ని బిట్లూ ఒకట్లే ఉన్న 6 బైట్లు, ఆ వెనకే లేవాల్సిన కార్డు చిరునామా 16 సార్లు. మొత్తం 102 బైట్లు. కంప్యూటర్ నిద్రపోతున్నా నెట్‌వర్క్ కార్డు ఒంటికన్ను తెరిచి కాపలా కాస్తుంటుంది. తన పేరు పదహారుసార్లు వినబడగానే యజమానిని తట్టి లేపుతుంది. అప్పటికి ఆపరేటింగ్ సిస్టమే లేవలేదు. ఇక గుమాస్తాలెక్కడ?

వంద మిల్లీసెకన్ల గడువు

ఇక అసలు కథకు వద్దాం. గాలివానకు ఓ చెట్టుకొమ్మ హైటెన్షన్ లైను మీద వాలింది. తక్షణం మామూలుకు ఎన్నో రెట్ల కరెంటు ఆ దారిన పరుగెత్తుతుంది. దాన్ని రిలే అనే పరికరం కనిపెట్టి, బ్రేకర్‌కు ‘తెగ్గొట్టు’ అని చెప్పాలి. ఆలస్యమైతే ట్రాన్స్‌ఫార్మర్‌లో నూనె మంటలు రేగొచ్చు. ఒక్కచోట ఆగాల్సిన చీకటి జిల్లాలకు జిల్లాలకే పాకొచ్చు. 400 కేవీ లైన్లో లోపం వస్తే 100 మిల్లీసెకన్లలో దాన్ని విడగొట్టాలన్నది మన దేశ గ్రిడ్ నియమావళి పెట్టిన గడువు. మన కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది. అంటే ఐదు ఊపుల్లో పని అయిపోవాలి. బ్రేకర్ తెరుచుకోవడానికే రెండు మూడు ఊపులు పడుతుంది. అందుకే కబురు చేరడానికి పెట్టే గడువు మూడు నాలుగు మిల్లీసెకన్లే!

ఇప్పుడు పోస్టాఫీసుతో పోల్చండి. టీసీపీ గుమాస్తా పంపిన ముక్క దారిలో పోతే, రసీదు రాలేదని తేల్చుకుని మళ్లీ పంపడానికి లైనక్స్‌లో మామూలుగా కనీసం 200 మిల్లీసెకన్లు ఆగుతాడు. అతని తప్పేమీ లేదు. ఖండాలు దాటే ఉత్తరాలకు ఆమాత్రం ఓపిక ఉండాలి. కానీ ఇక్కడ ఆ ఒక్క ఓపికే మొత్తం గడువుకు రెట్టింపు.

అందుకే ఐఈసీ 61850 అనే అంతర్జాతీయ ప్రమాణంలో సబ్‌స్టేషన్ల కోసం పచ్చి ఫ్రేములతో ఓ పద్ధతి పెట్టారు. పేరు ‘గూస్’. అంటే బాతు! పేరెలా ఉన్నా పని మాత్రం దండోరా వేసేవాడిది. దాని రకం సంఖ్య 88బి8. రిలే ఓ ఫ్రేములో ‘లోపం వచ్చింది’ అని అందరికీ వినబడేలా కేక వేస్తుంది. ఎవరి రసీదు కోసమూ ఆగదు. కొద్ది మిల్లీసెకన్లకే మళ్లీ అదే మాట, కాస్త ఆగి మళ్లీ, ఇంకాస్త ఆగి మళ్లీ. ఒక ఫ్రేము పాడైనా మరొకటి చేరుతుంది. కార్డు పాడైన ఫ్రేమును చప్పుడు చేయకుండా పారేస్తుందని చెప్పుకున్నాం కదా, దానికి విరుగుడు ఇదే.

అంతా బాగున్నప్పుడు కూడా గూస్ ఊరుకోదు. ‘అంతా క్షేమం’ అని కాసేపటికోసారి చెబుతూనే ఉంటుంది. తన మాట ఎంతసేపు చెల్లుతుందో ఫ్రేములోనే రాస్తుంది. ఆ గడువులోగా మరో మాట వినబడకపోతే తీగ తెగిందనో, రిలే చచ్చిందనో అవతలివాళ్లకు తెలిసిపోతుంది. పాత పద్ధతిలో ఒక్కో కబురుకు ఒక్కో రాగితీగ లాగేవారు. లోపల ఎక్కడో తీగ తెగి ఉన్నా చాలాసార్లు అవసరం వచ్చినప్పుడుగానీ బయటపడేది కాదు. దానికంటే ఇది ఎంతో నయం.

మరి రసీదులడగని యూడీపీ అనే గుమాస్తా ఉన్నాడు కదా, అతణ్ని పెట్టుకోవచ్చుగా అని ఇంజినీరింగ్ పిల్లలు అడగొచ్చు. మంచి ప్రశ్నే. పక్క సబ్‌స్టేషన్‌కు కబురు పంపాల్సి వచ్చినప్పుడు చేసిందీ అదే. గోడ మీదుగా అంతదూరం వినబడదు కాబట్టి 2012లో గూస్‌ను యూడీపీ కవరులో పెట్టే దారి చూపించారు. ఆవరణ లోపల మాత్రం ఆ కవరు అదనపు బరువే.

గూస్‌కు ఓ తోబుట్టువు కూడా ఉంది. తీగల్లోని కరెంటు, వోల్టేజీలను కొలిచి ఎప్పటికప్పుడు పచ్చి ఫ్రేముల్లో రిలేలకు పంపుతుంది. ఒక్కో ఊపుకు 80 కొలతలు. అంటే ఒక్కో కొలత పరికరం నుంచి సెకనుకు 4000 ఫ్రేములు! పంజాబ్‌లోని మాలేర్‌కోట్లా 400 కేవీ సబ్‌స్టేషన్‌ను పవర్‌గ్రిడ్ సంస్థ 2020లో డిజిటల్ పద్ధతికి మార్చింది కూడా ఈ ప్రమాణం ఆధారంగానే.

ఆగని రైలు

ఫ్యాక్టరీల్లో ఈ పద్ధతిని మరో మెట్టు ఎక్కించింది జర్మనీకి చెందిన బెకాఫ్ సంస్థ. 2003లో అది ‘ఈథర్‌క్యాట్’ను బయటపెట్టింది. రకం సంఖ్య 88ఎ4. ఇక్కడ ఫ్రేము ఓ ఆగని రైలు. వరసగా ఉన్న మోటార్లు, స్విచ్చులు, సెన్సర్లు స్టేషన్లు. రైలు దూసుకుపోతుండగానే ప్రతి స్టేషనూ తన మూటను దించుకుని, తన జవాబును ఎక్కించేస్తుంది. చివరిదాకా వెళ్లిన రైలు తిరిగి బయల్దేరిన చోటికే వస్తుంది. ఒక్క ఫ్రేముతో అందరి క్షేమ సమాచారమూ తెలిసిపోతుంది. వెయ్యి స్విచ్చుల సంగతి 30 మైక్రోసెకన్లలో తేలుతుందని దాని రూపకర్తలు చెబుతారు.

మూటలెక్కించే స్టేషన్లకు ప్రత్యేకమైన చిప్ కావాలి. రైలును పంపే యజమానికి మాత్రం అందరి దగ్గరా ఉండే మామూలు ఈథర్‌నెట్ పోర్టు సరిపోతుంది. కావాల్సిందల్లా పచ్చి ఫ్రేము పంపనిచ్చే ఆపరేటింగ్ సిస్టమ్. లైనక్స్‌లో ఆ ప్యాకెట్ సాకెట్‌తోనే రోబోలను ఆడించేవాళ్లున్నారు.

అయితే ఓ షరతుంది. కిటికీ దగ్గర గుమాస్తాలు లేకపోయినా, కేక వేయాల్సిన ప్రోగ్రామును ఆపరేటింగ్ సిస్టమ్ వేళకు నిద్ర లేపకపోతే ఏం లాభం? పచ్చి ఫ్రేము దారిని దగ్గర చేస్తుందేగానీ బద్ధకాన్ని వదిలించదు. మామూలు లైనక్స్‌లో ఈ బద్ధకం వదిలించడానికి మొదలైన ‘ప్రీఎంప్ట్ ఆర్‌టీ’ అనే పని రెండు దశాబ్దాలు సాగి, 2024 నవంబరులో వచ్చిన 6.12తో ప్రధాన స్రవంతిలో చేరింది.

గుమాస్తాలు పోతే వాళ్ల పని?

ఇంతవరకు విని ‘భలే, గుమాస్తాలందరినీ ఇంటికి పంపేద్దాం’ అనుకునేరు! గుమాస్తా పోయినా అతని పని పోదు. అది మన నెత్తినే పడుతుంది.

మొదటిది దూరం. పచ్చి ఫ్రేము రూటర్ దాటదు. వీధి చివరే దాని లోకం అంతం. రెండోది, పోయినదాన్ని మళ్లీ పంపడం. గూస్‌కు దండోరా తెలివి ఉంది. మన సొంత ప్రోగ్రాముకు ఆ తెలివి మనమే నేర్పాలి. మూడోది సైజు. 1500 బైట్లు దాటిన సరుకును ముక్కలు చేసేదీ, అతికేదీ మనమే.

నాలుగోది, తలకిందుల బైట్లు. తీగ మీద పెద్ద బైటు ముందు వెళ్లాలని నియమం. చాలా ప్రాసెసర్లు చిన్న బైటు ముందు దాచుకుంటాయి. ఈ తేడా మర్చిపోయి రకం సంఖ్యను అలాగే తోసేస్తే 0800 కాస్తా 0008 అవుతుంది. అంత చిన్న సంఖ్యను అవతలివాళ్లు రకంగా కాకుండా ‘8 బైట్ల సరుకు’ అనే పొడవుగా అర్థం చేసుకుంటారు. ఫ్రేము పోతూనే ఉంటుంది, ఎవరూ పలకరు, ఎక్కడా పొరపాటు కనబడదు. కొత్తగా పచ్చి ఫ్రేములు రాసేవాళ్లకు నిద్ర పట్టనివ్వని పొరపాటిది.

అన్నిటికంటే పెద్దది ఐదోది... నమ్మకం. కవరు మీద ‘పంపినవారు’ అన్న చోట రాసేది పంపినవాడే. పచ్చి కిటికీ దగ్గర ఎవరి పేరైనా రాసుకోవచ్చు. మీ వదినగారి గొంతుతో ఎవరో గోడ అవతల నుంచి మాట్లాడితే మీరు గిన్నె ఇచ్చేయరూ! లైనక్స్‌లో ఈ కిటికీని అందరికీ తెరవరు, ప్రత్యేక అధికారం ఉన్న ప్రోగ్రాములకే తెరుస్తారు. చాలా బుల్లి ఆపరేటింగ్ సిస్టమ్‌లలో అసలు కాపలావాడే ఉండడు.

మరి సబ్‌స్టేషన్ మాటేమిటి? దొంగ గూస్ ఫ్రేములతో రిలేలను మోసగించవచ్చని పరిశోధకులు ప్రయోగశాలల్లో చూపించారు. అసలు రిలే వేసే వరస సంఖ్య కంటే పెద్ద సంఖ్య వేసి ఓ దొంగ కేక పెడితే, అవతలి పరికరం దాన్నే తాజా కబురనుకునే ప్రమాదం ఉంది. ‘ఆవరణ లోపలికి బయటివాడు ఎలా వస్తాడు?’ అన్నది పాత ధీమా. 2016 డిసెంబరులో ఉక్రెయిన్ రాజధాని కీవ్ దగ్గర ఓ సబ్‌స్టేషన్ నెట్‌వర్క్‌లోకి ‘ఇండస్ట్రాయర్’ అనే దొంగ ప్రోగ్రాము చొరబడి బ్రేకర్లు తెరిచేసింది. నగరంలో కొంత భాగం గంటసేపు చీకట్లో ఉంది. అది వాడింది పచ్చి ఫ్రేములను కాదు, మామూలు దారినే. కానీ గోడ లోపలికి బయటివాడు రాలేడన్న ధీమా మాత్రం అక్కడ చెదిరిపోయింది.

ముద్ర వేసి పంపితే సరిపోదా? 2007లో ఈ భద్రత కోసం వచ్చిన ప్రమాణం డిజిటల్ సంతకం పెట్టమంది. ఆ సంతకం లెక్క కట్టడానికి రిలేలోని చిన్న ప్రాసెసర్‌కు పట్టే సమయం ఆ మూడు నాలుగు మిల్లీసెకన్ల గడువుతో పొసగలేదు. మంట ఆర్పడానికి వెళ్తున్నవాణ్ని గేటు దగ్గర ఆపి రిజిస్టర్‌లో సంతకం పెట్టమన్నట్టే! 2020 నాటి సవరణలో ఇద్దరికీ ముందే తెలిసిన రహస్య తాళంతో తేలిగ్గా వేసే ముద్రకు మారారు. అయితే ముద్రలు తెలియని పాత పరికరాలు ఎన్నో ఏళ్లు పనిలోనే ఉంటాయి. సబ్‌స్టేషన్ సామాను ఫోన్‌లా ఏటా మార్చేది కాదు కదా!

అలాగని గుమాస్తాలుంటే భద్రమా అంటే, అదీ చెప్పలేం. 2019 జులైలో అదే వీఎక్స్‌వర్క్స్‌లోని టీసీపీ/ఐపీ గుమాస్తాల గదిలోనే 11 కన్నాలున్నాయని ఆర్మిస్ అనే భద్రతా సంస్థ బయటపెట్టింది. వాటిలో ఆరు, దూరం నుంచే యంత్రాన్ని లొంగదీసుకోనిచ్చేంత ప్రమాదకరమైనవి. తలుపులెక్కువైతే తాళాలూ ఎక్కువే కావాలి. అక్కర్లేని గుమాస్తాను పెట్టుకోవడమూ ముప్పే, కావాల్సినవాణ్ని తీసేయడమూ ముప్పే.

మూడు ప్రశ్నలు

మీ ఇంట్లో ఈ చదువు చదివే అబ్బాయో అమ్మాయో ఉంటే మూడు ప్రశ్నలు అడగమనండి. మాట్లాడాల్సిన పరికరాలన్నీ ఒకే తీగ మీద ఉన్నాయా? గడువు నిజంగానే మిల్లీసెకన్లలో ఉందా, లేక మన తొందరేనా? వదిలేసిన ప్రతి గుమాస్తా పనినీ రాసిపెట్టుకుని, ఎవరు చేస్తారో తేల్చుకున్నామా? మూడింటికీ ‘అవును’ వస్తేనే పచ్చి కిటికీ తెరవాలి. ఒక్కటి ‘కాదు’ అయినా పోస్టాఫీసే మేలు.

ప్రయోగం చేసి చూడాలనుకుంటే పాత కంప్యూటర్లు రెండు, మధ్యలో ఓ తీగ చాలు. రెండింట్లోనూ లైనక్స్ వేసుకోవచ్చు. రకం సంఖ్యలు 88బి5, 88బి6లను ఇలాంటి సొంత ప్రయోగాలకే విడిచిపెట్టారు. ఎవరి సరుకుతోనూ కలిసిపోవు. అయితే అది మీ సొంత తీగ మీదే సుమా! కాలేజీ నెట్‌వర్క్‌లోనో ఆఫీసులోనో చేస్తే పక్కవాళ్ల ఉత్తరాలు విప్పి చూసినట్టే.

ఈసారి గాలివానలో మీ ఇంట్లో లైటు ఒక్కసారి మిణుక్కుమని మళ్లీ నిలబడితే, ఎక్కడో ఓ రిలే వేళకు కేక వేసిందని, ఓ బ్రేకర్ దాన్ని విని కదిలిందని అనుకోవచ్చు. పాత చోట్ల ఆ కబురు రాగితీగ మోస్తుంది, కొత్త చోట్ల పచ్చి ఫ్రేము మోస్తుంది. దానికి రసీదు లేదు, మళ్లీ అడిగే వ్యవధీ లేదు. ఆ కేక ఎవరిదో పోల్చుకునే ఏర్పాటు మాత్రం కేక వేయకముందే జరిగి ఉండాలి.